అడయార్ పొంగితే మన ఇంటికి నీళ్లొస్తాయా? చెన్నై తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబరు పడగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అవే సందేహాలు మొదలవుతాయి. నెల్లూరు నుంచో, తిరుపతి నుంచో, విజయవాడ నుంచో కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్లలు అడుగుతారు. ఊళ్లో టీవీ చూసి భయపడి వాళ్ల అమ్మానాన్నలూ అడుగుతారు. 2015 డిసెంబరులో మేం జాఫర్‌ఖాన్‌పేటలో గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో ఉన్నాం. ఆ రాత్రి తెలియక చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదని ఇవన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## నది గురించి

అడయార్ అంటే ఈ మురుగు కాలువేనా? ఇది ఊరిని ముంచుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఏ ఫిబ్రవరిలోనో సైదాపేట వంతెన మీద నుంచి చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. నల్లటి నీళ్లు సన్నగా కదులుతుంటాయి, గట్ల మీద మేకలు మేస్తుంటాయి. కానీ అది 42 కిలోమీటర్ల నది. కొండల్లో పుట్టిన నది కాదు, చెరువుల అలుగు నీళ్లతో పారే నది. తాంబరానికి పడమర ఆదనూర్, మణిమంగళం, సోమంగళం వైపు గొలుసుకట్టు చెరువులు చాలా ఉన్నాయి. ఒకటి నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింద చెరువులోకి వెళ్తాయి. అన్నీ నిండితే చివరికి అడయార్‌లోకే చేరతాయి. చెంబరంబాక్కం చెరువు మిగులు నీళ్లు కూడా తిరునీర్మలై దగ్గర ఇందులో కలుస్తాయి. అక్కడి నుంచి అనకాపుత్తూర్, ఎయిర్‌పోర్టు, మణపాక్కం, నందంబాక్కం, ఈక్కాట్టుతాంగల్, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కొట్టూర్‌పురం మీదుగా వెళ్లి పట్టినపాక్కం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎయిర్‌పోర్టు రెండో రన్‌వే ఈ నది మీద కట్టిన వంతెన పైనుంచే పోతుంది.

చెన్నైలో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అందుకే ఎక్కువ నెలలు ఎండినట్టు కనిపించే నది, ఆ మూడు నెలల్లో అన్ని చెరువుల బరువూ ఒక్కసారే మోయాల్సి వస్తుంది.

2015లో మునిగింది చెంబరంబాక్కం గేట్లు ఎత్తడం వల్లేనా?

గేట్ల వల్ల కూడా. అదొక్కటే కారణం అనుకుంటే మాత్రం ముందుముందు మోసపోతాం.

ఆ ఏడాది నవంబరు ఒక్క నెలలోనే చెన్నైలో 100 సెంటీమీటర్లు దాటి వాన పడింది. 1918 తర్వాత అంతటి నవంబరు లేదు. చెరువులన్నీ నిండి, నేల ఇంక చుక్క నీరు పీల్చుకోలేని స్థితిలో డిసెంబరు 1 వచ్చింది. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు లెక్క చూస్తే 24 గంటల్లో తాంబరంలో 49, చెంబరంబాక్కంలో 47 సెంటీమీటర్లు. 49 సెంటీమీటర్ల వాన ఒక్క చదరపు కిలోమీటరు మీద పడితే 49 కోట్ల లీటర్లు. చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). దిగువన తాంబరం వైపు చెరువుల నీళ్లు కూడా అదే నదిలోకి వచ్చిపడ్డాయి. ఎయిర్‌పోర్టు డిసెంబరు 6 దాకా మూతపడింది.

చెరువులో ముందుగానే ఖాళీ ఉంచకపోవడం, ఒక్కసారిగా వదలడాన్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో గట్టిగా తప్పుపట్టింది. దాన్ని మనుషులు తెచ్చిన విపత్తు అంది. 2018లో ఆ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చింది. ఇప్పుడు 24 అడుగులూ నిండేదాకా ఆగకుండా 21, 22 అడుగుల దగ్గరే కొద్దికొద్దిగా వదలడం మొదలుపెడుతున్నారు. ఇది మంచి మార్పు. అయితే తాంబరం పడమటి వైపున్న చిన్న చెరువుల్లో చాలావాటికి గేట్లుండవు. అవి నిండితే వాటంతట అవే పారతాయి. గేట్లు ఎత్తలేదని వార్తల్లో విని నిశ్చింతగా పడుకోకండి. తాంబరం వైపు ఎంత వాన పడిందో కూడా చూడండి.

ఆంధ్రాలో డ్యాం గేట్లు ఎత్తారట, నాన్న కంగారుగా ఫోన్ చేస్తున్నారు. మనకు ప్రమాదమా?

మీరు అడయార్ ఒడ్డున ఉంటే ఆ నీళ్లతో మీకు సంబంధం లేదు. చిత్తూరు, నగరి వైపు నుంచి, కృష్ణాపురం జలాశయం నుంచి వచ్చే నీళ్లు కొసస్తలై నదిలో పడి పూండి జలాశయానికి చేరతాయి. పూండి నిండితే అవి ఊరికి ఉత్తరంగా మణలి వైపు పారి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. మణలి పుదునగర్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు మాత్రం ఆ వార్తను తప్పకుండా పట్టించుకోవాలి. పిచ్చాటూరు దగ్గరి అరణియార్ నీళ్లు ఊత్తుకోట మీదుగా పులికాట్ వైపు వెళ్తాయి. అప్పుడు ఊత్తుకోట దారిలో తిరుపతి వెళ్లే బస్సులకు ఇబ్బంది.

మనవాళ్లు ఇంకో రెండు సంగతులు కలిపేస్తుంటారు. కండలేరు నుంచి పూండికి వచ్చే తెలుగు గంగ నీళ్లు తాగడానికి వదిలేవి. 1983లో రెండు రాష్ట్రాల మధ్య జరిగిన ఒప్పందం ప్రకారం కాలువలో వస్తాయి. వాటికీ వరదకూ ముడి లేదు.

వేళచ్చేరి పక్కన నదే లేదు. మరి ప్రతిసారీ అక్కడెందుకు మునుగుతుంది?

అది పళ్ళికరణై చిత్తడి నేలకు చెందిన పల్లం. వేళచ్చేరి, మడిపాక్కం, పెరుంగుడి చుట్టుపక్కల పదుల చెరువుల నీళ్లు ఆ చిత్తడికి చేరి, ఒక్కియం మడువు గుండా బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి ముట్టుకాడు దగ్గర సముద్రంలోకి పోవాలి. ఒకప్పుడు వేల హెక్టార్లున్న చిత్తడి ఇప్పుడు బాగా కుంచించుకుపోయింది. మిగతా చోట రోడ్లు, ఐటీ ఆఫీసులు, చెత్త డంపింగ్ యార్డు, మనం అద్దెకుంటున్న ఇళ్లు వచ్చాయి. 2022లో రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలను కాపాడే అంతర్జాతీయ ఒప్పందం కింద ఇచ్చేది) వచ్చింది కాబట్టి మిగిలిందైనా నిలుస్తుందని ఆశ.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటడానికి ముందు రోజంతా చెన్నైకి దగ్గరగా సముద్రంలోనే ఉండి కుండపోతగా కురిసింది. వేళచ్చేరిలో రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. సముద్రం ఉప్పొంగి ఉంటే కాలువలోని నీళ్లు బయటికి పోలేవు.

మా ఊరి బకింగ్‌హామ్ కాలువ, ఇక్కడిదీ ఒకటేనా?

ఒకటే. ప్రకాశం, నెల్లూరు తీరం వెంబడి వచ్చి, చెన్నై మధ్యగా దక్షిణానికి మరక్కాణం దాకా వెళ్తుంది. ఊరిలో అడయార్‌నూ కూవం నదినీ కలిపే భాగాన్ని 1877-78 కరువు రోజుల్లో కూలిపనిగా తవ్వించారు. ఇప్పుడు మైలాపూర్ వైపు కాలువ మధ్యలోనే లోకల్ రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి వల్ల కాలువ ఇరుకైపోయింది.

## ఇల్లు చూసుకునేటప్పుడు

నదికి రెండు కిలోమీటర్ల దూరం అంటున్నాడు బ్రోకర్. భయం లేనట్టేనా?

దూరం కాదు, ఎత్తు అడగండి. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నది పొంగితే దానిలో కలవాల్సిన చిన్న కాలువలు వెనక్కి తంతాయి. నది కనిపించని వీధిలో కూడా మ్యాన్‌హోల్లోంచి నీళ్లు పైకి వస్తాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను చేసే పని చెబుతాను. ముందు కాంపౌండ్ గోడ బయటివైపు చూస్తాను. రంగు వేసినా పాత నీటి చార ఒక్కోసారి కనిపిస్తుంది. తర్వాత కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తాను. భుజానికి పైన బిగించి ఉంటే, ఎవరో ఒకసారి దెబ్బతిని మార్పించారని అర్థం. వీధి కంటే ఇంటి గడప కిందికి ఉంటే ఆ ఇల్లు వద్దనుకుంటాను. చివరగా వీధి మలుపులో ఇస్త్రీ చేసే ఆయన్ని అడుగుతాను. ఓనర్ దాచినా, ఆయన 2015లో ఎంత లోతు, 2023లో ఎంత లోతు అన్నది కాలి మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

పేర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. తమిళంలో ఏరి అంటే చెరువు, తాంగల్ అంటే చిన్న చెరువు, పళ్ళం అంటే పల్లమే, మడువు అంటే మన మడుగే. ఈక్కాట్టుతాంగల్, అయ్యప్పన్‌తాంగల్ అన్న పేర్లు ఒకసారి ఆగి చదవండి. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది, లేక్ లేదు. ఆ పెద్ద చెరువును ఎండగట్టి 1920ల్లో టీనగర్ కట్టారు. మన కాళహస్తి వైపు నుంచి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి అయిన పానగల్ రాజా పేరిట పార్కు ఉన్నది ఆ పేటలోనే.

సొంతంగా ఫ్లాట్ కొంటున్నాం. కాగితాల్లో ఏం చూడాలి?

సర్వే నంబరు తీసుకుని, ఆ గ్రామం రెవెన్యూ మ్యాపులో పక్కన ఏముందో చూపించమనండి. చెరువు, వాగు, కాలువ పోరంబోకు ఆనుకుని ఉంటే ఆగండి. పోరంబోకు అన్న మాట తమిళంలోనూ అదే. సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందన్నంత మాత్రాన నీళ్లు రావని కాదు. లాయరు పట్టా చూస్తాడు గానీ పల్లం చూడడు. అది మీరే చూసుకోవాలి. వీలైతే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లి ఆ వీధిలో నిలబడండి.

అక్కా, మేం మూడో అంతస్తులో ఉన్నాం. మాకేం టెన్షన్?

ఇంట్లోకి నీళ్లు రావు, నిజమే. కానీ కింద నీళ్లుంటే కరెంటు తీసేస్తారు. కరెంటు లేకపోతే మోటారు లేదు, ట్యాంకులో నీళ్లు ఒక్క రోజులో అయిపోతాయి. సంపులోకి మురుగు కలుస్తుంది. లిఫ్టు ఆగిపోతుంది. ఫోన్ టవర్లు కూడా కాసేపటికి పనిచేయవు. 2015లో పై అంతస్తుల్లో పసిపిల్లలతో పాలు లేకుండా మూడు రోజులు గడిపిన వాళ్లు నాకు తెలుసు. ఇంట్లో బాలింతలు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, ఆక్సిజన్ అవసరమైన పెద్దవాళ్లు ఉంటే, ఎన్నో అంతస్తయినా సరే ముందే బయటికి వెళ్లిపోవడం మంచిది.

## వానలకు ముందు

ముందుగా ఏం సర్ది పెట్టుకోవాలి?

సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌పోర్టు, ఇంటి పత్రాలు, ఇన్సూరెన్స్ కాగితాలు ఒక జిప్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. ఫొటోలు తీసి ఊళ్లో ఒకరికి పంపండి. వారానికి సరిపడా మందులు, టార్చి, పవర్ బ్యాంకు, కొంత చేతి డబ్బు ఉంచుకోండి. కరెంటు లేనప్పుడు యూపీఐ పనిచేయదు. తాగేనీళ్ల క్యాన్లు రెండు అదనంగా, అటుకులు, బెల్లం, మరమరాలు లాంటివి, పొయ్యి వెలిగించకుండా తినేవి ఉండాలి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ఇన్వర్టర్ బ్యాటరీని నేల మీద నుంచి పైకి మార్పించుకోండి.

కారు ఇన్సూరెన్స్ ఉంది కదా, సరిపోతుందా?

మామూలు పాలసీలో ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఏమీ రాదు. నీళ్లలో మునిగిన బండిని ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయకండి. తాళం తిప్పితే ఇంజిన్ పోతుంది, క్లెయిమ్ కూడా కష్టమవుతుంది.

## వాన మొదలయ్యాక

రెడ్ అలర్ట్ అంటే మునుగుతామనా?

కాదు. వాతావరణ శాఖ చెప్పేది వాన గురించి, వరద గురించి కాదు. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటి పడే అవకాశం ఉంటే రెడ్ ఇస్తారు. చెరువులు ఖాళీగా ఉన్న అక్టోబరులో పడే 20 సెంటీమీటర్లూ, నిండిన నవంబరు చివర్లో పడే 20 సెంటీమీటర్లూ ఒకటి కావు. చెరువులు నిండాక ఆరెంజ్ అలర్ట్ వచ్చినా నేను బ్యాగు గుమ్మం దగ్గర పెట్టుకుంటాను.

మాకు తమిళం సరిగా రాదు. హెచ్చరికలు ఎలా అర్థం చేసుకోవాలి?

కొన్ని మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు, చాలావరకు మన మాటలకు చుట్టాలే. వెళ్ళం అంటే వరద, మన వెల్లువ. ఎచ్చరిక్కై అంటే హెచ్చరిక. నీర్‌మట్టం అంటే నీటిమట్టం. ఉపరి నీర్ అంటే మిగులు నీరు, చెరువు నుంచి వదిలేది. వినాడిక్కు ఆయిరం కన అడి అంటే సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు, అంటే వెయ్యి క్యూసెక్కులు. తాళ్వాన పగుది అంటే పల్లపు ప్రాంతం. కరైయోర మక్కళ్ అంటే ఒడ్డున ఉండేవాళ్లు. ఆటోలో మైకు పెట్టి ఈ మాట చెబుతూ మీ వీధిలో తిరిగితే అది మీకే. నివారణ ముగాం అంటే సహాయ శిబిరం. వానలో కన మళై భారీ, మిగ కన మళై అతి భారీ, అది కన మళై అత్యంత భారీ.

చెన్నై కార్పొరేషన్ నంబరు 1913. రాష్ట్ర విపత్తు కేంద్రానికి 1070, జిల్లాకు 1077. తాంబరం వేరే కార్పొరేషన్ కాబట్టి అటువైపు వాళ్లు 1070, 1077 రాసిపెట్టుకోండి.

వెయ్యి క్యూసెక్కులు వదిలారు అంటే భయపడాలా?

క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. వెయ్యి అంటే సెకనుకు రెండు పెద్ద వాటర్ ట్యాంకర్లు నదిలో పోస్తున్నట్టు. అడయార్ దాన్ని అవలీలగా మోస్తుంది. 2015 నాటి 29,000 అంటే సెకనుకు దాదాపు అరవై ట్యాంకర్లు. అంకె కంటే, అది గంట గంటకూ పెరుగుతోందా లేదా అన్నది చూడండి. పొద్దున 500, మధ్యాహ్నం 3,000, సాయంత్రం 6,000 అయిందంటే, ఇంకా వాన పడుతోందంటే, ఒడ్డున ఉన్నవాళ్లు చీకటి పడక ముందే కదలాలి. చెంబరంబాక్కంలో వదిలిన నీళ్లు సైదాపేట చేరడానికి రోజులు పట్టదు, గంటలే.

ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి? ఇంకాసేపు చూద్దాం అనిపిస్తుంది.

ఆ ఇంకాసేపే మమ్మల్ని ముంచింది. డిసెంబరు 1 రాత్రి తొమ్మిదికి వీధిలో పాదం మునిగే నీళ్లున్నాయి. మా అత్తగారు వెళ్దామన్నారు. గడప ఎత్తుగానే ఉంది, పొద్దున చూద్దామని నేనే అన్నాను. రెండు గంటలకు మెలకువ వచ్చింది శబ్దానికి. వంటింట్లో గ్యాస్ సిలిండరు తేలుతూ ఫ్రిజ్‌కు కొట్టుకుంటోంది. కాలు కింద పెడితే మోకాలి దాకా చల్లటి నీళ్లు. తలుపు తీయబోతే బయటి నీటి ఒత్తిడికి కదల్లేదు. ఇద్దరం భుజాలు ఆనించి నెట్టాం. మేడ మీది తమిళ కుటుంబం చీర ముడివేసి మెట్ల మీద నుంచి అందించింది. దాన్ని పట్టుకుని అత్తగారిని పైకి చేర్చాం. తెల్లారేసరికి నీళ్లు కిటికీ పై చట్రం దగ్గర ఉన్నాయి.

కాబట్టి నా లెక్క ఇది: వీధిలో నీళ్లు పాదం దాటి, తగ్గకుండా పెరుగుతుంటే కదలాలి. మెయిన్ స్విచ్ ఆపి, సిలిండరు కట్టేసి, వెలుతురుండగానే వెళ్లాలి. పారే నీళ్లు మోకాలికి చేరితే నడవకండి, మేడ మీదికే వెళ్లండి. కరెంటు స్తంభాలకూ, తీగలకూ దూరంగా ఉండండి.

## నీళ్లు తీశాక

నీళ్లు తగ్గాయి. లోపలికి వెళ్లి కడిగేసుకోవచ్చా?

ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. చెప్పులతో కాదు, బూట్లతో వెళ్లండి. బురదలో గాజుపెంకులు, అలమారల వెనక పాములు ఉంటాయి. కడగక ముందే ప్రతి గదినీ, గోడ మీది నీటి చారతో సహా ఫొటో తీయండి. పరిహారానికీ ఇన్సూరెన్స్‌కూ అవి కావాలి. సంపు పూర్తిగా తోడించి, బ్లీచింగ్‌తో కడిగించి, మళ్లీ నింపాకే వాడండి. అప్పటిదాకా తాగే నీళ్లు కాచుకోండి. మురుగు నీళ్లలో తిరిగాక జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఎలుక జ్వరం కావొచ్చు. సొంత వైద్యం మాని, నీళ్లలో తిరిగిన సంగతి చెప్పి డాక్టరుకు చూపించుకోండి.

తడిసిన సర్టిఫికెట్లు పనికొస్తాయా?

చాలావరకు వస్తాయి, తొందరపడకపోతే. ఒకదానికొకటి అంటుకున్నవి లాగకండి. మంచినీళ్లలో మెల్లగా ముంచి బురద పోనిచ్చి, పాత నూలు గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండలో వద్దు, ముడుచుకుపోతాయి. లామినేషన్ చేసినవి అంచులు కత్తిరించి తీయాలి, లేకపోతే లోపలి తేమకు బూజు పడుతుంది. మా అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో ఇప్పటికీ గోధుమ రంగు చారతోనే ఉంది. ఎక్కడ చూపించినా తీసుకున్నారు.

ఒడ్డున ఉన్న గుడిసెలు తీసేశారు కదా, ఇంక వరద రాదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా బాధగా ఉంటుంది. గుడిసెల్లో ఉన్నవాళ్లను పెరుంబాక్కం, కణ్ణగి నగర్‌లకు పంపారు. అవి పళ్ళికరణై చిత్తడి పక్కన ఉన్న పల్లపు నేలలు. ఇక్కడి ముంపు నుంచి తీసి అక్కడి ముంపులో పెట్టినట్టయింది. పిల్లల బడీ, ఆడవాళ్ల ఇంటిపనులూ ఇరవై కిలోమీటర్ల దూరమైపోయాయి. నదిని ఇరుకు చేసింది వాళ్లు మాత్రమే కాదు. ఎగువన చెరువుల మీద వేసిన లేఅవుట్లు, నది పక్కన లేచిన పెద్ద భవనాలు కూడా. వాటిలో మనమూ ఉంటున్నాం.

మా కాలనీ తరఫున మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, సెప్టెంబరులో. మీ వీధి వాన నీటి కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో ఒక ఆదివారం నడిచి చూడండి. మేం నడిచినప్పుడు మూడు చోట్ల పూడిక, ఒకచోట కాలువలోకి అడ్డంగా దిగిన కేబుల్ పైపు కనిపించాయి. ఫొటోలతో 1913కు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకుని, వారం వారం అడిగితే నెలలో పూడిక తీశారు. అలాగే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ప్రతి ఇంటికీ పైన ఒక ఇల్లు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఆ జతల కాగితం లిఫ్టు పక్కన అంటించి ఉంది. వాచ్‌మన్ కుటుంబం మా ఇంటికి వస్తుంది.